ప్రళయకావేరి పడవలు: గెడ నుంచి కరెంటు దాకా

పళవేర్కాడు అనగానే మనలో చాలామందికి మొదట రొయ్యలు జ్ఞాపకం వస్తాయి, తర్వాత లుంగీలు. చరిత్ర చదివినవారికి డచ్చివారి కోట, వారి గోరీలు జ్ఞాపకం వస్తాయి. ఆ ఊరి ముందున్న ఉప్పునీటి సరస్సును ఇంగ్లీషువారు పులికాట్ అన్నారు. మన తెలుగువారు ప్రళయకావేరి అంటూ వచ్చారు. స. వెం. రమేశ్ గారు ఆ పేరుతోనే ఒక కథల పుస్తకం వెలువరించిన సంగతి పాఠకులలో కొందరికి తెలిసే ఉంటుంది. ఊరు తమిళనాటిది, సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రదేశానిది. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు సవరించి తిరుత్తణిని ఇటు, సత్యవేడును అటు చేర్చినప్పుడు గట్టుమీద గీత గీయటం సులభంగానే జరిగింది. నీటిమీద గీసిన గీతను మాత్రం చేపలూ పాటించలేదు, పడవలూ పాటించలేదు. ఆ గీత మూలంగా రెండువైపుల జాలరులకూ ఇప్పటికీ అప్పుడప్పుడు తగవులు వస్తూనే ఉన్నవి.

కోటను గూర్చి రాసినవారు చాలామంది ఉన్నారు, పడవలను గూర్చి రాసినవారు తక్కువ. కాని కోట రాకముందు అక్కడ పడవ ఉన్నది, కోట శిథిలమైన తర్వాతా పడవ ఉన్నది. నేడు లోకంలో పడవలు మెల్లగా నూనెను వదలి కరెంటుకు మారుతున్నవి. ఆ మార్పు మన సరస్సు ఒడ్డుకు చేరేసరికి ఎవరికి మేలు చేస్తుంది, ఎవరి నెత్తిన బరువు పెడుతుంది అనే ఆలోచన మమ్మల్ని కొంతకాలంగా పట్టుకున్నది. రైల్వే గుమాస్తాలకు నీళ్ళతో ఏమి పని అని ఎవరైనా నవ్వవచ్చు. బొగ్గునూ, డీజిలునూ, కరెంటునూ మూడింటినీ పట్టాలమీద నడిపి చూసిన కొలువు మాది. అందుచేత ఈ విషయంలో రెండు మాటలు చెప్పే అధికారం మాకు కొంత ఉన్నదనే అనుకుంటున్నాము.

ముందు సరస్సు సంగతి. ఒరిస్సాలోని చిలక తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి కయ్య మరొకటి లేదు. నీరు నిండినప్పుడు 450 చదరపు కిలోమీటర్ల దాకా పరచుకుంటుంది, తగ్గినప్పుడు 250కి దిగుతుంది. తూర్పున శ్రీహరికోట దీవి అడ్డుగా నిలబడి సముద్రాన్ని ఆపుతుంది. దక్షిణాన ఆరణి, పడమటినుంచి కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి పాయలు మంచినీళ్ళు తెచ్చిపోస్తవి. ఇంత విశాలమైన నీరు గదా అని లోతు చూడబోతే సగటున ఒక మీటరు! చాలా చోట్ల మనిషి నిలబడితే నడుము దాకానే వస్తుంది. మేము చెప్పబోయే కథకంతా మూలం ఈ లోతు లేకపోవటమే.

లోతు లేనిచోట తెడ్డు కంటె గెడ మేలు. పొడుగాటి గెడను అడుగు మట్టిలో గుచ్చి, దానిమీద ఒరిగి, పడవ అంచున ముందునుంచి వెనకకు నడుస్తూ తోస్తే, మనిషి వెనక్కు పోయినకొద్దీ పడవ ముందుకు పోతుంది. గాలి అనుకూలంగా ఉంటే తెరచాప ఎత్తటం, గాలి పడిపోతే గెడ పట్టటం. పడవ అడుగు బల్లపరుపుగా ఉండేది, అరమీటరు నీళ్ళలోనైనా తేలేది. సముద్రంలోకి పోయేవారి సాధనం వేరు. దుంగలు మోకులతో కట్టిన కట్టుమరం అది, అలలమీద ఎగిరినా మునగదు. సరస్సుకు పడవ, సముద్రానికి కట్టుమరం అనే ఈ తేడాను పాఠకులు జ్ఞాపకం ఉంచుకోవాలి, చివర పనికి వస్తుంది.

డచ్చివారు 1613లో ఇక్కడ గెల్డ్రియా కోట కట్టి, 1690 దాకా చోళమండల తీరపు వ్యాపారానికంతకూ దీన్నే ముఖ్యస్థానం చేసుకున్నారు. ఇక్కడి బట్ట సుగంధద్రవ్యాల దీవుల దాకా పోయేది. తుపాకి మందు తయారయ్యేది. మనుషులనూ బానిసలుగా కొని ఎగుమతి చేశారు, ఆ సంగతి దాచవలసిన పని లేదు. వారి పెద్ద ఓడలు సరస్సులోకి రాలేక బయటనే లంగరు వేసేవి. సరుకంతా చిన్న పడవల మీదనే ఓడకు చేరేది. అంటే ఆ గొప్ప వ్యాపారమంతా చివరి రెండు మైళ్ళలో మన సరంగు చేతి గెడమీద ఆధారపడి నడిచిందన్నమాట.

తర్వాత వచ్చినది కాలువ. 1806లో కొక్రేన్ అనే దొర మద్రాసునుంచి ఎన్నూరు దాకా తవ్వించిన ఉప్పుకాలువను పిమ్మట పళవేర్కాడు సరస్సు దాకా పొడిగించారు. 1837లో సర్కారు దాన్ని తీసుకొన్నది. 1876-78 నాటి గొప్ప కరువులో, తిండికోసం వచ్చిన కూలీల చేత కూవం, అడయారు నదుల నడుమ భాగం తవ్వించి, నాటి గవర్నరు పేరు మీద బకింగుహాం కాలువ అన్నారు. ఉత్తరాన పెదగంజాం మొదలు దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు, అందులో 257 కిలోమీటర్లు ఆంధ్రదేశంలోనే. పెదగంజాం పైన కృష్ణా, గోదావరి కాలువలతో కలుస్తుంది గనుక కాకినాడలో పడవ ఎక్కినవాడు మద్రాసు దాకా సముద్రం చూడకుండా రాగలిగేవాడు. మన పూర్వులలో పొట్ట చేత పట్టుకొని ఈ దేశానికి వచ్చినవారు కొందరు ఈ దారినే వచ్చి ఉంటారు.

ఆ కాలువమీద ఉప్పు, బియ్యం, గుల్లసున్నం నడిచేవి. అన్నిటికంటె ముఖ్యం కట్టెలు. శ్రీహరికోట అడవుల్లో కొట్టిన వంటచెరకు మద్రాసు పొయ్యిలకు పడవల్లో వచ్చేది. గాలి ఉంటే తెరచాప, లేకుంటే గెడ, రెండూ చాలకపోతే కళాసులు గట్టున దిగి మోకు భుజాన వేసుకొని లాగేవారు. పడవను మనిషి లాగటమంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. తెల్లవారుజామున లాగటం మొదలుపెడితే పొద్దెక్కేవరకు భుజం మారుస్తూ నడవటమే.

ఈ పడవల పొట్ట కొట్టినది రైలే. బెజవాడ, మద్రాసుల నడుమ 1899లో రైలుదారి కలిసింది. వారం పట్టే ప్రయాణం ఒక రాత్రిలో తెమలిపోతే కాలువ పడవ ఎవరికి కావాలి? తర్వాత లారీలు వచ్చి రైలు వదిలినదాన్ని తీసుకొన్నవి. 1960లలోనూ 1970లలోనూ వచ్చిన తుపానులు కాలువ గట్లను తెంపి, ఇసుక నింపి, మిగిలిన పని పూర్తిచేశాయి. 2008లో దీన్ని కృష్ణా గోదావరులతో కలిపి నాలుగవ జాతీయ జలమార్గమని ప్రకటించారు గాని, మద్రాసు నగరంలో ఆ జలమార్గాన్ని ముక్కు మూసుకోకుండా దాటటం కష్టం.

సరకు పడవలు పోయినా వేట పడవలు నిలిచినవి. వాటికి ఇంజను ఎట్లా వచ్చినదో చూస్తే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. 1952లో ఐక్యరాజ్యసమితి, నార్వే, మన ప్రభుత్వం మూడూ కలిసి ఒక ఒడంబడిక చేసుకొన్నవి. దాని ప్రకారం 1953 మొదలు కేరళలో కొల్లం దగ్గరి నీండకరలో మత్స్యకారుల పడవలకు ఇంజన్లు బిగించటం, కొత్తరకం పడవలు కట్టటం ప్రారంభమయింది. జాలరివాడి కష్టం తగ్గాలనే సదుద్దేశమే. కాని కొద్ది సంవత్సరాలలో విదేశాలకు రొయ్యల ఎగుమతి పుంజుకొన్నది. డబ్బున్నవారు ట్రాలర్లు కట్టించారు, అడుగున ఉన్న గుడ్లతో సహా ఊడ్చుకుపోయారు. చిన్నవాడి వలలు తెగినవి. 1970లలోనూ తర్వాతనూ కేరళలోనేమి, తమిళనాటనేమి, చిన్న జాలరులకూ ట్రాలర్లకూ జరిగిన కొట్లాటలకు మూలం అక్కడ ఉన్నది. ఇంజను చెడ్డదని మేము అనము. అది ముందుగా ఎవరి చేతికి పోయిందో దాన్నిబట్టి మంచిచెడ్డలు తేలినవి అంటున్నాము.

పళవేర్కాడు వైపు చిన్న ఇంజన్లు తర్వాత మెల్లగా వచ్చినవి. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఒక్కసారిగా పెరిగినవి. దేశదేశాలనుంచి వచ్చిన సహాయంలో ఫైబరు పడవలు, ఇంజన్లు వందలకొద్దీ తీరానికి దిగినవి. కట్టుమరం దాదాపు కనుమరుగైంది. పొడుగాటి కడ్డీ చివర పంకా తిరిగే డీజిలు ఇంజను లోతులేని నీళ్ళకు బాగా కుదిరింది.

తడ మండలంలో భీములవారిపాలెం రేవున ఇరకం దీవికి పోయే పడవ కోసం నిలబడినప్పుడు ఒక ముసలి సరంగును పలకరించాము. "ఏమి తాతా, గెడ కంటె ఇంజను సుఖమే గదా?" అన్నాము.

"సుఖమే నాయనా, కాదనేదానికి లేదు. రెక్కలు పడిపోయినాక ఇంజనే గదా కూడు పెట్టేది. అయితే గాలి దుడ్డు అడగలా. ఇది పొద్దున లేస్తానే దుడ్డు అడగతాది. చేప పడినా అడగతాది, పడకపోయినా అడగతాది" అన్నాడు.

ఆ మాటమీద మేము రైలులో తిరిగి వస్తూ చాలాసేపు లెక్క వేశాము. 2021 తర్వాత డీజిలు లీటరు తొంభై రూపాయలు దాటింది. జాలరులకు ప్రభుత్వం పన్ను తగ్గించి ఇచ్చే డీజిలు ఉన్నది, అదైనా ఊరికే రాదు. వేటలో వచ్చినదానిలో ముందు నూనె ఖర్చు తీసి, ఆ తర్వాతే వాటాలు పంచుకొంటారు. వల ఖాళీగా వచ్చిననాడు నూనె బాకీ మాత్రం మిగులుతుంది.

ఇక కరెంటు సంగతికి వద్దాం. కరెంటు పడవ ఈనాటి వింత అని చాలామంది అనుకుంటారు. నిజానికి పట్టాలనుంచి కరెంటు తీసుకొని మనుషులను లాగిన మొదటి రైలు 1879లో బెర్లినులో నడిచింది. యాకోబీ అనే జర్మను ఇంజనీరు అంతకు నలభై ఒక్క ఏళ్ళ ముందే, 1838లో, రష్యా రాజధాని సెంట్ పీటర్స్‌బర్గులో నీవా నదిమీద కరెంటు పడవ నడిపాడు. పదిమందికి పైగా ఎక్కారు. బ్యాటరీలలో జింకు కరిగి కరెంటు పుట్టేది, ఆమ్లపు పొగలు వచ్చేవి, జింకు ధర గిట్టేది కాదు. 1881లో పారిసులో త్రువే అనే ఆయన పడవ వెనక తగిలించి తీసే మోటారు చేశాడు. నేటి జాలరుల అవుట్‌బోర్డు ఇంజనుకు అదే తాత. 1893లో షికాగో ప్రదర్శనలో యాభైకి పైగా కరెంటు పడవలు పది లక్షలకు పైబడి జనాన్ని తిప్పినవి. లండనులో థేమ్సు నదిమీద చార్జి చేసే రేవులు వెలిసినవి.

అంత ముందుగా వచ్చిన కరెంటు నూరేళ్ళు ఎందుకు వెనకబడింది? రైలుకు దొరికిన సదుపాయం పడవకు దొరకలేదు. మా రైలు తీగె కింద నడుస్తుంది. కరెంటు ఎక్కడో పుడుతుంది, తీగె వెంట వస్తుంది, ఇంజను దాన్ని మోయవలసిన పని లేదు. అందుకే 1925లో బొంబాయిలోనూ, 1931లో మద్రాసు బీచి నుంచి తాంబరం దాకానూ కరెంటు బండ్లు నడవగలిగినవి. నీళ్ళమీద తీగె కట్టేదెవరు? పడవ తన కరెంటును తానే మోయాలి. ఒక లీటరు డీజిలు ఇంజనులో కాలితే, వేడిగా పోయినది పోగా, సుమారు మూడు యూనిట్ల పని చేస్తుంది. ఆ మూడు యూనిట్లను పాతకాలపు సీసపు బ్యాటరీలో దాచాలంటే తొంభై కిలోల బరువు కావాలి. సీసా డబ్బా ఒకవైపు, బియ్యం బస్తా అంత బరువు మరొకవైపు. నూనె గెలవక ఏమవుతుంది?

ఓడలు నూనెకూ కరెంటుకూ మధ్య ఒక రాజీ మార్గం కనిపెట్టినవి. 1903లో రష్యాలో వోల్గా నదిమీద నోబెలు సోదరుల కంపెనీవారి 'వాండాల్' అనే ఓడలో డీజిలు ఇంజను జనరేటరును తిప్పితే, ఆ కరెంటు మోటారుకు పోయి పంకాను తిప్పేది. మన రైల్వేలో డీజిలు ఇంజను అని పిలిచేది కూడా లోపల ఇటువంటిదే, చక్రాలను తిప్పేది కరెంటు మోటారే. ఈ విద్య ఓడ దగ్గర మొదలై పట్టాలకు ఎక్కింది. మా డిపార్టుమెంటువారికైనా ఈ సంగతి అందరికీ తెలియదు.

నూనె రాజ్యంలో కూడా ఒకటి రెండు చోట్ల కరెంటు పడవ నిలిచింది. జర్మనీలో బవేరియా కొండల నడుమ క్యోనిగ్ సీ అనే సరస్సుమీద 1909 నుంచి నేటివరకు బ్యాటరీ పడవలే జనాన్ని తిప్పుతున్నవి. దూరం తక్కువ, నీరు నిశ్చలం, రాత్రి రేవుకు వచ్చి చార్జి చేసుకోవచ్చు. నూరేళ్ళనాటి సీసపు బ్యాటరీతోనే అక్కడ పని జరిగిందంటే, చిన్న దూరపు నిశ్చలమైన నీళ్ళలో కరెంటుకు ఏనాడూ ఓటమి లేదనే మేము అర్థం చేసుకొన్నాము.

తర్వాత లిథియం బ్యాటరీ వచ్చింది. సీసానికి తొంభై కిలోలు కావలసినచోట దీనికి ఇరవై, ఇరవైఅయిదు కిలోలు చాలు. 2010 నుంచి పదేళ్ళలో దీని ధర ప్రపంచంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు పడిపోయింది. 2015లో 'ఆంపియర్' అనే పెద్ద బల్లకట్టు, 120 కార్లనూ 360 మందినీ ఎక్కించుకొని, లావిక్, ఒప్పెదాల్ అనే రెండు పల్లెల నడుమ ఇరవై నిమిషాల దారిలో నూనె లేకుండా నడవటం మొదలుపెట్టింది. ఏ దేశంలో అనుకొన్నారు? నార్వేలోనే! 1953లో మనకు నూనె ఇంజను బిగించటం నేర్పిన దేశమే అరవై ఏళ్ళ తర్వాత తన నీళ్ళలోనుంచి దాన్ని పీకివేయటం ప్రారంభించింది.

ఆ పల్లెలలో జరిగిన ఒక చిన్న సంగతి మన ఊళ్ళకు బాగా పనికివస్తుంది. పది నిమిషాలలో అంత పెద్ద పడవను చార్జి చేస్తే పల్లె లైన్లు తట్టుకోలేవు, ఇళ్ళలో దీపాలు కునికిపాట్లు పడతవి. అందుకని రెండు రేవుల్లోనూ ఒడ్డునే పెద్ద బ్యాటరీలు పెట్టారు. పడవ నీళ్ళమీద ఉన్నంతసేపు అవి తీగెనుంచి మెల్లగా కరెంటు తాగుతవి, పడవ రాగానే ఒక్కసారిగా దానికి పోస్తవి. మన ఊళ్ళలో సన్నటి పంపునుంచి రాత్రంతా తొట్టి నింపుకొని, పొద్దున చెంబుతో ముంచుకోవటం లేదా? అదే.

సరుకు ఓడలు, విహార ఓడలు కూడా మారుతున్నవి గాని అవి దగ్గర దూరాలవే. నార్వేలోని 'యారా బిర్కెలాండ్' 2021లోనూ, చైనా యాంగ్జీ నదిమీద 1300 మంది ఎక్కే విహార ఓడ 2022లోనూ బయలుదేరినవి. మహాసముద్రాలు దాటే ఓడలకు బ్యాటరీ నేటికీ చాలదు.

అంతంత దూరాలు ఎందుకు, మన పక్కనే కేరళ ఉన్నది. 2017 జనవరి 12న వైకంనుంచి తవణకడవుకు వేంబనాడు సరస్సుమీద 'ఆదిత్య' అనే పడవ నడవటం మొదలైంది. 75 మంది కూర్చుంటారు. కప్పుమీద సూర్యరశ్మి పలకలు, కింద రెండు సన్నటి అడుగులు, లోపల లిథియం బ్యాటరీలు. కట్టినది కొచ్చిలోని నావాల్ట్ సంస్థ, నడిపేది కేరళ జలరవాణా శాఖ. 2020లో పైన చెప్పిన త్రువే పేరుమీద ఇచ్చే అంతర్జాతీయ బహుమతి కూడా దానికి వచ్చింది. చేపల వేటకు పనికివచ్చే సౌర పడవను కూడా ఆ సంస్థ తయారు చేసింది. 2023 ఏప్రిల్ 25న కొచ్చిలో వాటర్ మెట్రో ప్రారంభమైంది. పది దీవులను కలుపుతూ 38 రేవులు, 78 పడవలు దాని ప్రణాళిక. వేంబనాడు కూడా మన ప్రళయకావేరి వంటి కయ్యే. అక్కడ సాధ్యమైనది ఇక్కడ కాకపోవటానికి నీళ్ళలో కారణమేమీ లేదు. కేంద్ర ప్రభుత్వం 2024 జనవరిలో 'హరిత్ నౌక' పేరుతో దేశంలోపలి జలమార్గాల పడవలకు ఇటువంటి మార్పునే కోరుతూ మార్గదర్శకాలు ప్రకటించింది.

ఈ సరస్సు ఒడ్డున మరొక విడ్డూరం ఉన్నది. 1969లో శ్రీహరికోటను రాకెట్ల కేంద్రానికి ఎంపిక చేశారు. మద్రాసు పొయ్యిలకు కట్టెలు పంపిన దీవి ఆకాశానికి ఉపగ్రహాలు పంపటం మొదలుపెట్టింది. ఆ ఉపగ్రహాలు పైన తిరిగేది దేనితో? ఎండ పలకలతోనూ, బ్యాటరీలతోనూ. తిరువనంతపురంలోని విక్రం సారాభాయి కేంద్రం ఉపగ్రహాలకోసం చేసిన లిథియం సెల్లు విధానాన్ని 2018లో మన దేశపు కంపెనీలకు ఇవ్వటానికి ముందుకు వచ్చింది. సరస్సుకు తూర్పు గట్టున ఎండతో నడిచే యంత్రం నింగికి ఎక్కుతూ ఉంటే, పడమటి గట్టున తాత పొద్దున్నే డబ్బా పట్టుకొని నూనెకు పోతున్నాడు. నడుమ ఉన్నది ఒక మీటరు లోతు నీళ్ళే.

కరెంటు అనగానే అంతా శుభ్రం అనుకోవటానికి కూడా లేదు. పళవేర్కాడుకు దక్షిణాన ఎన్నూరు దాపున వల్లూరు, ఉత్తర చెన్నై విద్యుత్కేంద్రాలు బొగ్గు కాలుస్తున్నవి. వాటి బూడిద కొసస్థలై నది కయ్యలో చేరి చేప నశించిందని అక్కడి జాలరులు ఏళ్ళతరబడి మొర పెట్టుకుంటున్నారు. ఒక జాలరి పడవను శుభ్రం చేయటానికి మరొక జాలరి నీళ్ళలో బూడిద పోయటం న్యాయం కాదు. కనుక ఇక్కడి పడవకు చార్జి రేవుమీది పాక కప్పున ఎండ పలకలనుంచే రావాలని మా అభిప్రాయం. మన ఎండలో ఒక కిలోవాటు పలకలు రోజుకు నాలుగు యూనిట్లకు తగ్గకుండా ఇస్తవి. ఎండకు మాత్రం మనకు కరువు లేదు.

నీళ్ళలో నూనె తెట్టె కట్టకపోవటం, చప్పుడు తగ్గటం కూడా చిన్న లాభాలు కావు. చలికాలంలో ఈ సరస్సుకు ఫ్లెమింగో కొంగలు వేలకొద్దీ వస్తవి. సూళ్ళూరుపేటలో వాటి పేరు మీద పండుగే చేస్తారు. చప్పుడు లేని పడవ వాటికీ మేలు, చూడవచ్చేవారికీ మేలు. కాని పడవను తేల్చేది కరెంటు కాదు సుమా. 2011 డిసెంబరు 25న, క్రిస్మసు నాడు, పళవేర్కాడు దగ్గర విహారానికి పోయిన పడవ మునిగి 22 మంది చనిపోయారు. ఎంతమందిని ఎక్కించాలి, ఒక్కొక్కరికి తేలే చొక్కా ఉన్నదా, నడిపేవాడికి అనుమతి ఉన్నదా అని చూసే కన్ను రేవులో లేకపోతే, ఎండతో నడిచినా పడవ పడవే.

ఇరకం దీవి సంగతి మళ్ళీ చెప్పాలి. ఆ దీవివారికి బియ్యం, పురిటి నొప్పులు, పెళ్ళి, చావు అన్నీ పడవమీదే. ఇటు భీములవారిపాలెం, అటు ఆరంబాక్కం. ఎప్పుడూ ఒకే దారి, ఒకే దూరం, నిశ్చలమైన నీరు, రెండు వైపులా రేవు. వైకం, తవణకడవుల నడుమ ఉన్నది కూడా ఇదే గదా. మొదటి కరెంటు పడవ ఎవరికి రావాలి అంటే విహారానికి వచ్చే మద్రాసువారికి కాదు, ఈ దీవివారికి అని మేము గట్టిగా చెప్పగలము. ఇంజను ముందుగా ఎవరి చేతికి పోయిందో నీండకరలో చూశాము.

వేట పడవల విషయంలో చిక్కు ధర. నూనె ఇంజను కొన్నవాడు ఖర్చును రోజురోజుకూ పెడతాడు. బ్యాటరీ కొన్నవాడు కొన్నేళ్ళ నూనె ఖర్చును మొదటిరోజే పెట్టాలి. అప్పు ఇచ్చేవాడు చేపల దళారి అయితే చేప ధర కూడా వాడే చెబుతాడు, కనుక మిగిలేది ఏమీ ఉండదు. దీనికి ఒక దారి ఆ జాలరుల ఆచారంలోనే ఉన్నది. తరతరాలుగా అక్కడ వేట చోట్లను చీట్లు వేసి, వంతులవారీగా పంచుకొనే కట్టుబాటు ఒకటి ఉన్నది. దాన్ని 'పాడు' అంటారు. పేరు పాడే గాని పద్ధతి చాలా మంచిది. మంచి చోటు ఎవడికీ సొంతం కాదు, ఇవాళ నీది, రేపు నాది. నీళ్ళనే అట్లా పంచుకోగలిగినవారు పది బ్యాటరీలను, ఒక చార్జి పాకను పంచుకోలేరా? బ్యాటరీ పడవవాడిది కాకుండా ఊరి సంఘానిదై, చార్జి అయినదాన్ని వంతు ప్రకారం పట్టుకుపోయి, వాడినంతకు మాత్రమే దుడ్డు కడితే, మొదటిరోజు బరువు ఒక్కడి నెత్తిన పడదు. ప్రభుత్వాలు నూనెమీద వదులుకొంటున్న పన్నులో కొంత ఈ పాకలకు పెడితే చాలు.

"రాత్రి వేటకు పోయి తిరిగి వచ్చేదాకా చార్జి నిలుస్తుందా?" అని ఆ తాత అడిగినది న్యాయమైన ప్రశ్న. సరస్సులో తిరిగే చిన్న పడవకు రెండు కిలోవాట్ల మోటారు సరిపోతుంది. రానుపోను నాలుగు గంటలు నడిచిందనుకొంటే ఎనిమిది యూనిట్లు. లిథియం బ్యాటరీ బరువు అరవై, అరవైఅయిదు కిలోలు, అంటే పడవలో ఒక మనిషి ఎక్కువగా కూర్చున్నట్టు. నిలుస్తుంది. చార్జి పాకమీద ఒక్కొక్క పడవకు రెండు కిలోవాట్ల పలకలు వేస్తే పగటి ఎండ రాత్రి వేటకు చాలుతుంది. ముసురు పట్టిన కార్తెలో మాత్రం తీగె కరెంటు తోడు కావాలి. కాని మొగదాటి సముద్రంలోకి పోయే ఫైబరు పడవ సంగతి వేరు. దానికి పది గుర్రాల ఇంజను, పది గంటల పని, అలలతో పోరాటం. లెక్క వేస్తే డెబ్బైఅయిదు యూనిట్లు, బ్యాటరీ ఆరువందల కిలోలు. ఆ బరువు వేసుకొంటే చేపలకు చోటెక్కడ? సముద్రపు పడవవాడిని ఇప్పుడే మారమనటం అన్యాయం. మునుపు సరస్సుకు పడవ, సముద్రానికి కట్టుమరం అన్నట్టు, ఇప్పటికి సరస్సుకు కరెంటు, సముద్రానికి నూనె అని చెప్పాము. తాత కొంచెంసేపు ఆలోచించి, "అయితే మా మనమడికి మోటారు పని నేర్పమని చెప్పాల నాయనా, ఉప్పునీళ్ళలో కరెంటు చెడితే తడదాకా మోసుకపోయేదానికి మావల్ల కాదు" అన్నాడు.